పాలు పొంగిన ఇల్లు

ఒకటో ఆదివారం, చైత్రం

నా పేరు సత్యవేణి. మా ప్లాటు కొండ తూర్పు వాలులో, పదకొండో మెట్టు మీద మూడోది. ఇంటికి అనుమతి వచ్చినవాళ్ళు ప్రతి ఆదివారం ప్లాటు మూల పాతిన ఈ స్తంభం ముందు నిలబడి ఆ వారం ప్లాటులో ఏం జరిగిందో నోటితో చెప్పాలట. ఒక్క ఆదివారం మానేసినా ప్లాటు వద్దనుకున్నట్టే లెక్కట. సరే, చెబుతాను. చెప్పడానికి నాకేం బద్ధకం? ఆరేళ్ళుగా నా మాట వినే దిక్కు లేక చస్తున్నాను.

స్తంభానికి ఒక కన్నూ ఒక నోరూ ఉన్నాయి. ఇక్కడ అందరూ దాన్ని కరణం గారంటారు. నేనూ అలాగే అంటాను. కోపం వస్తే వేరే మాట కూడా అంటాను, అది నమోదు చేసుకోనక్కర్లేదు.

ఇవాళ నలుగురం ప్లాటు చూసుకున్నాం. మా ఆయన బుల్లబ్బాయి మగవాళ్ళ షెడ్డు నుంచి వచ్చారు. ఆయన అక్కగారు మాణిక్యం వదినా నేనూ ఆడవాళ్ళ షెడ్డు నుంచి వచ్చాం. మా అమ్మాయి ఇందు ఆడపిల్లల హాస్టలు నుంచి వచ్చింది. సముద్రం మా లంకల మీదికొచ్చి కూర్చున్న నాటి నుంచీ మేం నలుగురం కలిసేది ఆదివారం ఒక్క పూటే. సొంత ఇల్లు ఉంటేనే కుటుంబం ఒక్క చోట ఉండొచ్చు. లేకపోతే ఎవరి షెడ్డు వాళ్ళది.

షెడ్లకి తలుపులుండవు, తెరలే. ఇందు ఇక్కడికొచ్చేనాటికి దానికి నాలుగేళ్ళు. తలుపు వేసుకుని నలుగురం కూర్చుని అన్నం తినడం దానికి గుర్తే లేదంటుంది. నాకుంది. అందుకే నాకు ఇల్లు కావాలి. పెద్దది అక్కర్లేదు. నలుగురం లోపల ఉండగా తలుపు వేసుకోగలిగితే చాలు.

ప్లాటు చూడగానే మాత్రం నీరుగారిపోయాం. మేం లంకవాళ్ళం. నీళ్ళు పోస్తే నిలిచేదే నేలని మాకు తెలుసు. ఇక్కడ ఇందు చేతిలోంచి జామకాయ జారితే అది దొర్లుకుంటూ రెండు ప్లాట్లు దాటిపోయింది. మా ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏంటే ఇది? నేలడిగితే గోడిచ్చారు," అన్నారు.

ఆయన మునుపు రొయ్యల చెరువులు తవ్వించిన మనిషి. కాసేపటికే ధైర్యం తెచ్చుకుని, "ఏముంది, పైన తవ్వి కింద పోసేత్తే చదునైపోద్ది," అన్నారు.

"మట్టి తీయరాదు. మట్టి పోయరాదు. రాయి కదపరాదు," అన్నారు కరణం గారు.

"మరి ఇల్లు గాల్లో కట్టుకోమంటారా అండీ?" అని అడిగింది వదిన.

"ఆరు కాళ్ళ మీద కట్టుకోవచ్చు," అన్నారు కరణం గారు. వెటకారం కూడా కాదు, రూలే అంత.

మూడో ఆదివారం, చైత్రం

ఇవాళ మమ్మల్ని తూచారు. ఈ కొండ ఎంత బరువు మోయగలదో లెక్కగట్టి మెట్టు మెట్టుకీ ఇంటింటికీ పంచారు. మొదట్లో ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు కట్టేసుకుంటే ఉత్తరపు వాలు ఒక్క వానకి ఇళ్ళతో సహా కిందికి వచ్చేసింది. అప్పటి నుంచీ అన్నిటికీ తూకమే. గోడలూ గిన్నెలూ మనుషులూ, వాన కురిసినప్పుడు కప్పు మీద ఆగే నీళ్ళూ, అన్నీ కలిపి మా వంతు దాటకూడదు.

మాణిక్యం వదిన తూకం పళ్ళెం ఎక్కనంది. "నన్ను తూచడానికి నేనేమన్నా కొబ్బరి బస్తానా?" అని భీష్మించుకుని కూర్చుంది. చివరికి ఇందు చెయ్యి పట్టుకుని ఎక్కించింది. సంఖ్య ఎవరికీ చెప్పొద్దని మా అందరి చేతా ఒట్టేయించుకుంది. కరణం గారు గట్టిగా చదివేశారు.

తరవాత మా ఆయన వాలు మీద ముగ్గు పోశారు. ఇది వంటిల్లు, ఇది పెద్ద గది, ఇది అక్కకి, ఇది ఇందుకి. ముగ్గు గీతల మధ్య ఏటవాలుగా నిలబడి నలుగురం మా మా గదులు చూసుకున్నాం. ఇందు తన గదిలో పడుకుని చూసింది. జారకుండా మడమలు నేలలో గుచ్చుకుని మరీ పడుకుంది. నవ్వలేక చచ్చాం.

పేచీ ద్వారం దగ్గర వచ్చింది. వదినకి తూర్పు ద్వారమే కావాలి. తూర్పంటే ఇక్కడ పల్లం, గడప దాటి కాలు పెడితే గాలే. "మనింటికొచ్చినోళ్ళకి మంచినీళ్ళిత్తావా, తాడిత్తావా అక్కా?" అన్నారు మా ఆయన. ఆవిడ మూతి ముడుచుకుంది. ఉత్తరానికి ఒప్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

ఏడో ఆదివారం, వైశాఖం

కాళ్ళు నిలబెట్టాం. అనుమతి రెండు విడతలు. మొదటి విడతలో ఆరు కాళ్ళూ, ఒక గది మేరకు చెక్క నేలా, ద్వారబంధమూ, పైన టార్పాలినూ. రెండో విడతలో మిగతా గదులూ గోడలూ. మొదటి విడత పని సరిగా ఉందని చూశాక రెండోది ఇస్తారు.

వారమంతా మా ఆయన కొండ కాలవల పని చేసొచ్చి సాయంత్రాలు ఇక్కడ పని చేశారు. నీళ్ళ గొట్టం ఆ కాలికీ ఈ కాలికీ ఆనించి మట్టం చూసుకుని చెక్కలు పరిచారు. పల్లం వైపు కాళ్ళు నా ఎత్తుకి రెండింతలున్నాయి, మెరక వైపువి మోకాలంత. కానీ పైనెక్కి నిలబడితే, అబ్బ, చదును! ఆరేళ్ళ తరవాత రెండు కాళ్ళూ ఒకే ఎత్తున పెట్టి నిలబడ్డాను. వదిన మధ్యలో కూర్చుని చెంబుతో నీళ్ళు పోసి, అవి ఎటూ పోకుండా నిలిస్తే ముచ్చటపడి ఇంకో చెంబు పోసింది.

ద్వారబంధానికి పసుపు రాసి బొట్లు పెట్టి నిలబెట్టాం. తలుపు కూడా బిగించేశారు. గోడలు లేవు, తలుపుంది. పక్క నుంచి ఎక్కొచ్చు గానీ వదిన ఊరుకోదు. "గుమ్మం ఉండగా పక్క నించి ఎక్కితే అది ఇల్లవుద్దా, సంతవుద్దా?" అంది. అందరం గుమ్మంలోంచే వచ్చాం, గుమ్మంలోంచే వెళ్ళాం.

ఇందు తలుపు వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. "అమ్మా, గోడలొచ్చాక లోపల అందరూ ఉంటే ఇలా వేసేసుకోవచ్చు కదా?" అనడిగింది. వేసుకోవచ్చే తల్లీ అన్నాను.

పదో ఆదివారం, జ్యేష్ఠం

రెండో విడత అనుమతి ఇంకా రాలేదు. ఆఫీసులో అడిగితే వస్తుందన్నారు. ఎప్పుడంటే, వచ్చినప్పుడన్నారు.

ఇటు వదిన పంచాంగం పట్టుకు కూర్చుంది. జ్యేష్ఠం అయిపోవస్తోంది. తరవాత ఆషాఢం. ఆ వెనకే మూఢం, అది కార్తీకం దాకా వదలదు. ఈ నెల దాటితే ఇంటి ముహూర్తాలు లేవు. "ముహూర్తం లేకుండా ఆ ఇంట్లో అడుగు పెట్టను, మిమ్మల్నీ పెట్టనివ్వను," అంది. అంటే గోడలొచ్చినా కార్తీకం దాకా షెడ్లలోనే పడుండాలన్నమాట.

"అయితే ఏం చేద్దామంటావు వదినా?" అన్నాను.

"ఏముందే, ముందు పాలు పొంగించేసుకుందాం. గోడలు తరవాత లేపుకుంటాం. మన లంకలో ఎంతమంది చెయ్యలేదు? మీ పెళ్ళినాటికి మనింటికి కప్పుందా? ఆకాశం కిందే పొంగించాం."

నిజమే. మా వైపు మూఢం తరుముకొస్తుంటే సున్నాలు లేకుండానే, కిటికీలు లేకుండానే పాలు పొంగించేసుకుంటారు. పని తరవాత తీరిగ్గా చేయించుకుంటారు. తప్పేముందనిపించింది. దాచుకోవడం దేనికి, నాకూ ఆత్రంగానే ఉంది.

షెడ్డులో ఇచ్చేది పాలపొడి. పొడి కలిపినవి పొంగిస్తానంటే వదిన ఒప్పుకోదు. పై మెట్టు మీద దమయంతి గారికి గేదె ఉంది. మంచి మనిషి. వాళ్ళాయనా పిల్లాడూ గేదే అందరూ ఒకే వంతు బరువులో సర్దుకుంటున్నారు. గేదె ఈనింది, దూడ పెరుగుతోంది, పిల్లాడు పెరుగుతున్నాడు. అదనపు బరువు కోసం ఎన్నాళ్ళ నుంచో వరసలో ఉన్నారట. ఇయ్యకపోతే దూడని తోలేయాలని కళ్ళనీళ్ళు పెట్టుకుంది పాపం. మాకు చెంబెడు పాలు ఇస్తానంది. డబ్బులిస్తే తీసుకోనంది.

పన్నెండో ఆదివారం, జ్యేష్ఠం

కరణం గారూ, వింటున్నారా? ఇవాళ మా గృహప్రవేశం అయింది!

తెల్లవారుతూనే ముహూర్తం. గడపకి పసుపు రాశాను. ఇందు మామిడాకులు కట్టింది, ఎక్కడ సంపాదించిందో. దేవుడి పటం పట్టుకుని మా ఆయనా, నీళ్ళబిందెతో నేనూ గుమ్మంలోంచి కుడికాలు పెట్టి లోపలికొచ్చాం. లోపలికి అంటే ఏముంది, నాలుగు వైపులా కొండే. అయినా లోపలే.

కొత్త గిన్నెలో పాలు పోసి పొయ్యి మీద పెట్టాం. పాలు అంచుదాకా వచ్చి ఆగినట్టే ఆగి, ఒక్కసారిగా పొంగి తూర్పు వైపు పొర్లాయి. వదిన ఏడ్చేసింది. పెళ్ళయిన పదేళ్ళకి భర్త పోతే తమ్ముణ్ణి పెంచుకుంటూ బతికిన మనిషి, సముద్రం ఊరు ముంచిన నాడు కూడా కన్నీటిచుక్క రాల్చని మనిషి, ఏడ్చింది. "తూర్పుకే పొంగాయిరా బుల్లోడా," అని మా ఆయన భుజం పట్టుకుని ఊపేసింది. నాకూ ఆగలేదు.

నలుగురం కూర్చుని పరవాన్నం తిన్నాం. దమయంతి గారికి గిన్నెడు పంపాం. మా పాలు పొంగాయి. మా ఇల్లు మా ఇల్లయింది. నమోదు చేసుకోండి కరణం గారూ, బాగా నమోదు చేసుకోండి.

"నమోదైంది. శుభాకాంక్షలు," అన్నారాయన. నేను చెయ్యెత్తి దణ్ణం కూడా పెట్టాను.

పదమూడో ఆదివారం, ఆషాఢం

నేను చెప్పడం కాదు, ఇవాళ కరణం గారే చెప్పారు. ఆయన చెప్పింది చెప్పినట్టు చెబుతాను.

"గృహప్రవేశం జరిగినందున మీ ఇల్లు పూర్తయినట్టు పరిగణించడమైనది. రెండో విడత అవసరం లేదు. ఇంటి విస్తీర్ణం ఒక గది. ఒక గదికి నివాసం ఒకరు. వాడని బరువు వరసలో తరవాతి వారికి ఇవ్వడమైనది."

మొదట నాకర్థం కాలేదు. మా ఆయన మళ్ళీ చెప్పించుకున్నారు. మళ్ళీ అదే. ఇంకోసారి అడిగారు. ఇంకోసారి అదే, అదే గొంతు.

"ఇంకా గోడలు కట్టలేదండీ. చూడండి, మీకు కన్నుంది కదా, చూడండి," అన్నాను. స్తంభం ముందు చేతులు ఊపాను, పిచ్చిదానిలా.

"గోడలు తప్పనిసరి కావు," అన్నారు.

వదిన చెక్కల మీద కూలబడిపోయింది. ఇందు ఒక్కొక్కరి మొహం చూస్తూ, "ఒకరంటే ఎవరమ్మా?" అంది.

పద్నాలుగో ఆదివారం, ఆషాఢం

ఆఫీసుకి మూడుసార్లు వెళ్ళాం. మూడోసారి ఒక అబ్బాయి కూర్చోబెట్టి మాట్లాడాడు. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడాడు. అరిచి పోట్లాడదామని వెళ్ళినదాన్ని, ఆ మర్యాదకి నేనూ చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"పాలు పొంగాయా లేదా అమ్మా?"

"పొంగాయి బాబూ."

"అయితే అది ఇల్లేనమ్మా."

ఈ రూలు ఎందుకొచ్చిందో చెప్పాడు. మొదట్లో జనం ఇల్లంతా కట్టేసుకుని, ఒక గోడకి సున్నం వేయకుండా వదిలేసి, ఇంకా పూర్తి కాలేదని ఏళ్ళ తరబడి బరువు పట్టుకుని కూర్చునేవారట. వరసలో ఉన్నవాళ్ళు షెడ్లలోనే పోయేవారట. ఇల్లు ఎప్పుడు పూర్తయిందో ఎలా తేల్చాలని పెద్దవాళ్ళంతా ఆలోచించి, మనవాళ్ళు అన్నిటిలో అబద్ధమాడినా పాలు పొంగించడంలో ఆడరని, అదే గుర్తు పెట్టుకున్నారట.

మరి మూఢం సంగతి? మా వైపు ముందే పొంగించేసుకుంటారని ఎవరూ చెప్పలేదా? అదే అడిగాను.

"మా వైపు అలా చెయ్యరమ్మా," అన్నాడు.

అంతే. ఆ ఆలోచించినవాళ్ళలో మా లంకవాళ్ళు ఒక్కరూ లేరు. ఉండుంటే ఒక్క మాట చెప్పేవారు. ఆ మాట ఇప్పుడు నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా ఎక్కించుకునే చోటు లేదు.

మా బరువు ఎవరికి పోయిందని మా ఆయన అడిగారు. ఆ అబ్బాయి చూసి చెప్పాడు. పై మెట్టు, దమయంతి గారికి. వాళ్ళ పిల్లాడి గదికీ, దూడకీ.

పదిహేనో ఆదివారం, ఆషాఢం

దమయంతి గారు వచ్చారు. గుమ్మం బయటే నిలబడి, "నాకు తెలీదమ్మా, నా పిల్లాడి మీద ఒట్టు," అన్నారు. తిరిగి ఇచ్చేద్దామని ఆవిడా ఆఫీసుకి వెళ్ళారట. ఒకసారి పంచిన బరువు వెనక్కి తీసుకోరట. వదులుకుంటే వరసలో ఇంకొకరికి పోతుంది తప్ప మాకు రాదు. నేనామెని ఏమనను? తిట్టడానికి కూడా మనిషి లేకుండా పోయారు నాకు. పొమ్మనలేక, రమ్మనలేక, చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. పైన దూడ అరుస్తోంది.

వచ్చే ఆదివారానికల్లా ఇంట్లో మనిషి ఉండాలి. లేకపోతే ప్లాటు పోతుంది, ఒకసారి పోతే మా పేర్లు మళ్ళీ ఏ వరసలోనూ ఎక్కవు. ప్లాటు నిలబెట్టుకుంటే, ఎప్పటికైనా కొండని మళ్ళీ తూచినప్పుడు, బరువు మిగిలితే, అడిగినవాళ్ళలో మాకూ అవకాశం ఉంటుందట. ఎప్పుడు తూస్తారో ఆఫీసులో ఎవరికీ తెలియదు.

ఒకరంటే ఎవరో తేలిపోయింది. ప్లాట్లు ఇంటి ఇల్లాలి పేరునే ఇస్తారు. అనుమతి నా పేరున ఉంది. అంటే నేనే.

"నువ్వెళ్ళవే, వాళ్ళకే వదిలేద్దాం దరిద్రాన్ని," అన్నారు మా ఆయన. అనేసి, మళ్ళీ ముగ్గు డబ్బా తీసి వాలు మీద గదులు గీయడం మొదలుపెట్టారు. వాన పడి కొట్టుకుపోతుంటే మళ్ళీ గీశారు. ఎవరికోసమండీ అని అడగబోయి, ముగ్గు డబ్బా తడవకుండా చెయ్యి అడ్డం పెట్టాను.

వదిన నాతో మాట్లాడి వారమైంది. ఇవాళ నా పక్కన కూర్చుని, "నా నాలిక కోసెయ్యాలే వేణీ," అంది. "నీదేం తప్పు వదినా, గొంతు చించుకుని నమోదు చేసుకోమన్నది నేను కాదూ," అన్నాను. నిజంగా నాకు ఆవిడ మీద కోపం లేదు. ఉంటే బాగుండేది.

పదహారో ఆదివారం, ఆషాఢం

షెడ్డులో నా మంచం వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఐదు రోజులుగా ఇక్కడే ఉంటున్నాను. టార్పాలిన్ కింద ఒక పొయ్యి, ఒక చాప, ఒక గిన్నె, ఒక పళ్ళెం. నేల మాత్రం చదును. రాత్రి ఎటు దొర్లినా జారను. అయినా నిద్ర పట్టదు. షెడ్డులో వదిన గురక పక్కనే వినబడేది, ఇప్పుడదీ లేదు.

ఇవాళ ముగ్గురూ వచ్చారు. సన్నగా వాన. ఇందు అలవాటుగా గడప మీద కాలు పెట్టింది. ఇంటి కాళ్ళ కింద ఆఫీసువాళ్ళు మొన్న బిగించిన తూకం కూత పెట్టింది. "నివాసం ఒకరు," అన్నారు కరణం గారు. వాలు మొత్తం మీద గింజంత బరువు కూడా ఖాళీ లేదట. ఇందు కాలు వెనక్కి తీసేసుకుంది, వేడి పెనం మీద పెట్టినట్టు.

అందుకని వాళ్ళు గుమ్మం బయట వాలు మీద కూర్చున్నారు, తలల మీద ఒక గోనెపట్టా కప్పుకుని. నేను లోపల గడప పక్కన కూర్చున్నాను. అన్నం గడప మీంచి అందించాను. వాళ్ళ పళ్ళాలు జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో తిన్నారు. నా పళ్ళెం కదల్లేదు. చారులో వాన పడుతోందని వదిన గబగబా తాగేసింది. నేను తడవకుండా కూర్చుని వాళ్ళు తడవడం చూశాను.

తినడం అయ్యాక ఇందు, "అమ్మా, ఒక్కసారి తలుపు వెయ్యవా? ఎలా ఉంటుందో చూస్తాను," అంది.

వద్దనబోయాను. దాని మొహం చూసి లేచి వేశాను. గొళ్ళెం కూడా పెట్టాను. గోడలు లేవు గనక పక్కకి తొంగి చూస్తే ముగ్గురూ కనబడతారు. చూడలేదు. పసుపు బొట్ల గుమ్మంలో మూసిన తలుపుకేసే చూస్తూ నిలబడ్డాను. అటు వైపు వాన చప్పుడొక్కటే.

అప్పుడు ఇందు తలుపు కొట్టింది. దానికెవరు నేర్పారో, పుట్టి బుద్ధెరిగాక తలుపన్నది కొట్టిన పిల్ల కాదు. రెండుసార్లు, మెల్లగా కొట్టింది.

"ఎవరూ?" అన్నాను.

"మేమేనమ్మా."

గొళ్ళెం తీసి తలుపు బార్లా తెరిచాను. ముగ్గురూ తడిసి, వరసగా నిలబడి ఉన్నారు. నేనేం అంటున్నానో నాకు తెలిసేలోపే నోట్లోంచి వచ్చేసింది.

"రండి, రండి, లోపలికి రండి," అన్నాను.